గుడ్డు బండి బరువు

మా ఆయన లొవెల్ ఎవరిదో బండి కింద పడుకుని ఇరుసు ఎత్తు కొలుస్తుంటే, ఆ బండి తాలూకు మనిషి బనీనుతో బయటికొచ్చి, "ఏమన్నా పడిపోయిందా?" అని అడిగాడు. మా ఆయన దులుపుకుని లేచి, "ఏం పడలేదు. మీ బండి కాగితంలో రాసినదానికన్నా రెండంగుళాలు ఎత్తుగా ఉంది, తెలుసా?" అన్నాడు. పాపం, ఆయనకి తెలీదు. తర్వాత ఇద్దరూ అక్కడే కూర్చుని కాఫీ తాగారు. నేను కారులోంచి దిగితే ఒట్టు.

మూడు వేసవులు మాకు అదే పని. ఎక్కడ గుడారాలూ, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇళ్ళలాంటి ట్రైలర్లూ కనపడితే అక్కడ కారాపి, టేపు పట్టుకుని దిగిపోయేవాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఎక్కించేవాడు. పొడవు, వెడల్పు, ఎత్తు, ఖాళీ బరువు, సామాను నింపాక బరువు, కారు కొక్కెం మీద పడే బరువు. మన కారు లాగలేనిది ఎర్ర గడి, లాగగలిగేది పచ్చ గడి, అనుమానమున్నది పసుపు. కెనడాలో చిన్న ట్రైలర్ అన్నదేదైనా తిరుగుతుంటే అది ఆ షీటులోకి ఎక్కాల్సిందే. ఇక కొందామా అంటే మాత్రం, "ఇంకా లెక్క తేలలేదు ఆర్డిత్" అనేవాడు. పెళ్ళిచూపులకి ఊరూరా తిరిగి ఫలహారాలు తినొచ్చే పెళ్ళికొడుకు వరస.

చివరికి ఓ రోజు నేనే వెళ్ళి కొనేశాను. పక్క ఊళ్ళో ఒకావిడ అమ్ముతోందని తెలిసి, షీటు ముఖం కూడా చూడకుండా కొని, మా కారు వెనక తగిలించుకుని ఇంటికి తెచ్చాను. తెల్లగా, గుండ్రంగా, అచ్చం గుడ్డులాగా ఉంటుంది. లోపల ఆయనకో బెంచీ, నాకో బెంచీ, వాటి కింద సామాన్ల అరలు, మధ్యలో ఒక బల్ల, ఒక పొయ్యి. ఆయన గబగబా షీటు తెరిచి వెతికాడు. అదృష్టం, పచ్చ గడిలోనే ఉంది. లేకపోతే ఆ చలికాలమంతా సాధించేవాడు.

దాంతో పీడా విరగడైందనుకున్నాను. ఎక్కడిది, రెండో షీటు మొదలైంది. ఇందులో గుడ్డు లోపలికి వెళ్ళే ప్రతి వస్తువూ ఉంటుంది. చేపలు తూచే కొక్కెం కాటా ఒకటి వంటింటి గుమ్మానికి వేలాడదీశాడు. గరిటె, దుప్పటి, టూత్‌పేస్టు, అన్నీ దానికి ఉరేసుకోవాల్సిందే. నా ఎడమ చెప్పు కుడి చెప్పుకన్నా పది గ్రాములు ఎక్కువట. ఇన్నేళ్ళూ నాకా సంగతి తెలియకుండా ఎలా నడిచానో. కారులో ఏం పెట్టుకున్నా మాత్రం ఆయనకి పట్టదు. "లెక్కంతా వెనక లాగే బండిదే" అనేవాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకున్నాను.

ఇదంతా ఎందుకంటే, నేను సముద్రం చూడాలి. నాకు అరవై ఎనిమిదేళ్ళు. పుట్టింది, పెరిగింది, పెళ్ళయింది అంతా సస్కాచెవాన్ రాష్ట్రపు గోధుమ పొలాల్లోనే. పొద్దున్న బయల్దేరిన కుక్క సాయంత్రానికి కూడా కనపడుతూనే ఉంటుంది, అంత చదును. టీవీలో అలలు కనపడితే పొయ్యి మీది కూర మాడినా లేచేదాన్ని కాదు. సముద్రం చూడకుండా పోతానేమోనని నిజంగానే బెంగగా ఉండేది. అదే ఆయనతో అంటే, "మధ్యలో కొండలున్నాయి కదే" అనేవాడు. కొండలంటే మా ఊరివాళ్ళకి పెద్ద గౌరవం లేదు. అవి చూపుకి అడ్డమని మా మామగారు ఒకసారి వెళ్ళి సగంలోనే తిరిగొచ్చేశాడు.

ఎలాగో ఒప్పించాను. ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు.

"గుడ్డు బరువు వెయ్యి కిలోలు దాటితే మన చిన్న కారు ఘాట్ రోడ్డు దిగలేదు. బ్రేకులు కాలిపోతాయి. దారిలో దొరికిన ప్రతి కాటా దగ్గరా తూస్తాను. పెద్ద కనుమకి ముందు ఆఖరి కాటా ఉంది చూడు, అక్కడ వెయ్యికి ఒక్క కిలో ఎక్కువున్నా బండి వెనక్కి తిప్పుతాను. సరేనా?"

"ఒక్క కిలోకేనా?"

"లెక్కంటే లెక్కే."

"సరే, మహానుభావా."

మా ఊరి ధాన్యం గోదాము కాటా మీద గుడ్డు చక్రాలు మాత్రం ఎక్కించి తూస్తే తొమ్మిదివందల అరవై వచ్చింది. ఇంకా నలభై కిలోల వెసులుబాటు. సంతోషంగా బయల్దేరాం.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. చిన్నప్పుడు ప్రతి వసంతంలోనూ మా నాన్న మమ్మల్నందర్నీ పొలంలోకి తోలి రాళ్ళు ఏరించేవాడు. ఏరి గట్టు మీద కుప్ప పోస్తే, మళ్ళీ ఏడాదికి భూమి ఇంకో పంట రాళ్ళు కనేది. అన్ని రాళ్ళు పారేసిన పిల్లకి రాయంటే అసహ్యం పుట్టాలి. నాకు మోజు పుట్టింది. ఎక్కడ నున్నటి రాయి కనపడినా చెయ్యి ఊరుకోదు. పక్క రాష్ట్రం అల్బర్టా చేరేసరికి నా బెంచీ కింద ఓ పాతిక కిలోల రాళ్ళు పోగయ్యాయి. అందులో ఒకదానికి పందిమాంసం ముక్కలా ఎరుపూ తెలుపూ చారలున్నాయి. అది నాకు ప్రాణం.

అక్కడొక ఊళ్ళో చెత్త డంపింగ్ యార్డు కాటా మీద రెండోసారి తూచాం. తొమ్మిదివందల ఎనభై అయిదు.

"తింటున్నాం, తాగుతున్నాం, బండి మాత్రం బరువెక్కుతోంది" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా. "వింతగా లేదూ?"

"తేమ పట్టిందేమో" అన్నాను.

"తేమా?"

"దుప్పట్లకి."

మా ఆయన గడి పసుపు రంగులోకి మార్చి, ఈల వేసుకుంటూ బండెక్కాడు. ఆ ఈల వినగానే నాకు అనుమానం రావలసింది.

సముద్రమా, రాళ్ళా అంటే సముద్రమే. ఆ సాయంత్రం ఆయన చూడకుండా బకెట్ తీసుకుని, ఆ రాత్రికి బండి ఆపిన విడిది వెనక కాలవ గట్టున రాళ్ళన్నీ పోసేశాను. చారల రాయిని వదిలేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు. తిరిగొస్తుంటే మా ఆయన టైర్లలో గాలి చూస్తానంటూ అటే వెళ్ళాడు. చాలాసేపు చూశాడు.

మూడో కాటా కొండలు మొదలయ్యే చోట, పశువుల దాణా కొట్టు దగ్గర. నేను ధీమాగా దిగి నిలబడ్డాను. వెయ్యీ ఏడు.

"అయ్యయ్యో" అన్నాడు మా ఆయన. తెగ బాధపడుతున్నట్టు తల ఊపాడు గానీ, ఆ మధ్యాహ్నం రెండు ప్లేట్లు బంగాళాదుంప వేపుడు తిన్నాడు. "ఏం చేస్తాం ఆర్డిత్. నీ ఖర్మ, నా ఖర్మ. ఆఖరి కాటా ఇంకా ఉందిలే, ధర్మంగా అదీ చూద్దాం. ఈలోపు నీవేమన్నా తగ్గించగలవేమో చూడు."

"నావా?"

"ఆ జామ్ సీసాలు బాగా బరువు."

సస్కటూన్ పళ్ళ జామ్. జూలై ఎండలో, దోమల మధ్య నిలబడి నేను కోసుకొచ్చిన పళ్ళు. సముద్రం కోసం వాటిని కూడా వదులుకున్నాను. పక్క విడిదిలో దిగిన క్యూబెక్ దంపతులకి అయిదు కిలోల సీసాలు అప్పగించాను. వాళ్ళు దాన్ని మాంసం మీద పోసుకుని తిన్నారు. నేను చూస్తూ కూర్చున్నాను.

ఆ మర్నాడు కనుమ కింది ఊళ్ళో దిగాం. చెర్రీల కాలం, రోడ్డు పొడుగునా బుట్టలు. పొద్దున్నే చలికి కాళ్ళు కొంకర్లు పోతుంటే, మా ఆయన ఉన్ని మేజోళ్ళు వేసుకుందామని ఆయన అర తెరిచాను. ఒక్క జత లేదు. నేను అల్లిచ్చినవే ఎనిమిది జతలుండాలి. అప్పుడు గుర్తొచ్చింది, రెండు రోజులుగా ఈయన వట్టి కాళ్ళకి బూట్లు తొడుక్కుని తిరుగుతున్నాడు. పనిముట్ల పెట్టె జరిపి చూశాను. దాని వెనక వరసగా పడుకోబెట్టిన మేజోళ్ళు, మూతి ముడేసి, అన్నీ బలిసిన పిల్లుల్లా ఉన్నాయి. ఒకటి విప్పాను. నా చారల రాయి శుభ్రంగా కడిగి ఉంది.

మిగతావీ విప్పాను. సగం నావి. సగం నేను చచ్చినా ఏరని రాళ్ళు, వంకరవీ, మట్టి రంగువీ. మనిషికి రాళ్ళ మీద రుచి అన్నది ఉండాలి కదా.

కూలబడి కాసేపు ఆలోచించాను. జామ్ గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఎందుకు చేశాడో తెలియడానికి మాత్రం ఎక్కువసేపు పట్టలేదు. ఈ మనిషి బతుకంతా తిన్నటి రోడ్డు మీద ధాన్యం లారీ తోలాడు. బ్రేకులు కాలిపోతాయని కాదు, లోయంటే ఈయనకి భయం. ఆ మాట నోటితో చెప్పలేక, కాటా చేత చెప్పించాలని చూశాడు.

అడిగి కడిగెయ్యొచ్చు. అంత సులువుగా ఎందుకు వదలాలి? ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళగానే, మేజోళ్ళన్నీ మోసుకెళ్ళి కారులో ముందు సీటు వెనక పేర్చి, పైన దుప్పటి కప్పాను. నడుం పట్టేసింది. అయినా చెర్రీలు తింటూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

ఆఖరి కాటా లారీలది. పక్కన పెద్ద బోర్డు మీద అంకెలు వెలుగుతుంటాయి, ఎవరైనా తూచుకోవచ్చు. మా ఆయన గుడ్డు చక్రాల్ని పలక మీదికి ఎక్కించి, ముఖం విచారంగా పెట్టుకుని దిగాడు. బోర్డు చూశాడు. తొమ్మిదివందల యాభై అయిదు.

కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూశాడు.

"ఎంతొచ్చింది?" అన్నాను.

"ఆగు."

కారు ముందుకి పోనిచ్చి, మళ్ళీ వెనక్కొచ్చి ఎక్కించాడు. యాభై అయిదే. ఇంకోసారి చేశాడు. ఈసారి పలక అంచున బూటుతో తన్ని మరీ చూశాడు.

"కాటా పాడైంది ఆర్డిత్."

"ఎలా చెప్తున్నావు?"

"ఎక్కువ రావాలి."

"ఎందుకు రావాలి?"

బోర్డు వైపూ గుడ్డు వైపూ మార్చి మార్చి చూశాడు. చెప్పాలంటే మేజోళ్ళ సంగతి చెప్పాలి. పెళ్ళయి నలభై ఏళ్ళలో ఆ ముఖం చూసి అంత ఆనందం నాకెప్పుడూ కలగలేదు. వెనక ఆగిన పెద్ద లారీలోంచి తలపాగా కట్టుకున్న కుర్ర డ్రైవరు దిగొచ్చాడు.

"ఏమైంది సార్, ఇబ్బందా?"

"ఈ కాటా తక్కువ చూపిస్తోంది బాబూ."

"తక్కువ చూపించే కాటా ఎక్కడుందో చెప్పండి సార్, మేమందరం అక్కడికే పోతాం" అన్నాడు ఆ అబ్బాయి. "ఇది మాత్రం గ్రాము కూడా వదలదు. మీకు తక్కువొస్తే సంతోషించి కదలండి, నా వెనక నాలుగు బళ్ళున్నాయి."

మా ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. స్టీరింగు వదల్లేదు. ఎదురుగా కొండ, దాని మీద పైపైకి పాకుతున్న రోడ్డు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఆర్డిత్, నాకు భయమేస్తోంది" అన్నాడు చివరికి. "ఎక్కడం కాదు, దిగడం. మా నాన్న కూడా అందుకే వెనక్కొచ్చాడు. చూపుకి అడ్డమూ కాదు, పాడూ కాదు."

అంతవరకూ నా దగ్గర పెద్ద తిట్ల దండకం సిద్ధంగా ఉంది, జామ్‌తో మొదలెడదామనుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. ఈ మనిషి మీద నాకు ఎంత ప్రేముందో మర్చిపోయి చాలా రోజులైనట్టుంది.

"తాళాలు ఇటివ్వు" అన్నాను.

"నువ్వు తోలతావా?"

"గుడ్డుని ఇంటికి తెచ్చిందెవరు?"

పైకి ఎక్కేంతవరకూ బాగానే ఉన్నాడు. దిగడం మొదలవగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను చిన్న గేరులో మెల్లగా దింపుతున్నాను. మొదటి మలుపులో వెనక ఏదో దొర్లి ఆయన సీటుకి ధబ్బున తగిలింది.

"ఏంటది?"

"నీ మేజోళ్ళు."

కళ్ళు ఇంకాస్త బిగించాడు. రెండో మలుపులో ఇంకో ధబ్బు. మూడో మలుపు తిరిగేసరికి ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు. నాకూ ఆగలేదు.

"ఏ రాయి పారెయ్యలేదు కదా?" అన్నాడు.

"లేదు. నీ మట్టిగడ్డలతో సహా ఉన్నాయి. మొత్తం ఎంతుంటాయో ఏమో, నా నడుం విరిగింది."

"నలభై ఏడున్నర" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "మేజోళ్ళతో కలిపి."

ఆ తర్వాత ఇంకా రెండు కనుమలు దాటాం. రెండూ నేనే తోలాను. సముద్రం కనపడగానే కారాపి, బూట్లు విప్పేసి నీళ్ళలోకి నడిచాను. నీళ్ళు మంచులా ఉన్నాయి. టీవీలో చూసినట్టు లేదు, ఇంకా పెద్దగా ఉంది. ఏడ్చాను. మా ఆయన పక్కనే నిలబడి, చూపు పోయినంత మేరా చూశాడు. ఎక్కడా కొండ లేదు, అడ్డం లేదు, అంచు దాకా చదునే.

"మన పొలంలాగే ఉందే" అన్నాడు. "ముందే చెప్పొచ్చు కదా."

కాసేపటికి మళ్ళీ, "వెనక్కి వెళ్ళేటప్పుడు కూడా అదే దారా?" అన్నాడు.

"అదే. వేరే దారి లేదు."

"వెయ్యి దాటితే కుదరదు కదా."

"కుదరదు. లెక్కంటే లెక్కే."

మా ఆయన నాలుగడుగులు అలా ఒడ్డు వెంట నడిచి, వంగి, నల్లటి నున్నటి రాయొకటి తీసి అరచేతిలో పైకీ కిందికీ ఆడించి చూశాడు.

"ఆర్డిత్" అని పిలిచాడు, "ఇక్కడి రాళ్ళు మంచి బరువున్నాయి."