టేకు నేల మీద మరక

పలకరాయికి పుట్టిల్లయిన మార్కాపురంలో ఉంటూ, ఇంట్లో చెక్క నేల పెట్టుకున్న మహానుభావులు ధనుంజయ వాళ్లే. దొరల కాలం నాటి బంగళాను ఎవరో ముత్తాత కొన్నాడట, అదీ వాళ్ల గొప్ప. ఆ గొప్పను కాపురానికి వచ్చిన నాటి నుంచీ మోకాళ్ల మీద వంగి తుడిచింది మాత్రం ఇంటి కోడలు మహేశ్వరి. “నీళ్లు ఎక్కువ తగలనియ్యమాక, టేకు ఉబ్బుద్ది,” అని అత్తగారు కుర్చీలోంచి కదలకుండా చెప్పేది. కోడలి మోకాళ్లు ఉబ్బితే అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడు ధనుంజయకు ఆ నేలను పాత రూపుకు తేవాలని మోజు పుట్టింది. వడ్రంగి బ్రహ్మం మిషన్ పెట్టి అరగదీస్తుంటే చెక్కలు మిలమిల మెరుస్తున్నాయి. మేడ మీది పడకగదిలో, మూలనున్న ప్లాస్టిక్ షీటు పీకితే కింద నల్లటి మరక.

“ఇది లోపలికంటా దిగిందన్నా. ఎంత గీకినా పోదు. ఈ ముక్క కోసి కొత్తది ఎయ్యాల,” అన్నాడు బ్రహ్మం.

“ఎవురేం ఒలకబోసినారో ఏందో! కోసెయ్,” అన్నాడు ధనుంజయ.

మహేశ్వరి గుండె చెరువైంది. ఏం ఒలికిందో ఈ మనిషికి గుర్తు కూడా లేదా! ఐదో నెలలో తన కడుపు జారిపోయింది అక్కడే కదా. గుమ్మం దాకా వచ్చి, చూసి, దుకాణం తెరవాలని వెళ్లిపోయాడే! మైల అంటుతుందని ఇంకెవరూ లోపలికి అడుగు పెట్టలేదు. “నీ మైల నువ్వే తుడుచుకోవాల,” అంది అత్తగారు. తన బిడ్డను తనే గుడ్డతో ఎత్తింది. బిడ్డతో సహా ఆ గుడ్డలు మూటగట్టి ఊరవతల పారేయించారు. “ఆడపిల్లేలే, ఎందుకు ఏడుస్తావు?” అని ఓదార్పు ఒకటి! పసిగుడ్డు పోతే ఎంత లేనివాళ్లైనా గుంత తీసి మట్టిలో పెడతారు. ఆ చిట్టితల్లికి అదీ దక్కలేదు. ఉన్న గుర్తల్లా ఈ మరకే.

బ్రహ్మం ముక్క కోసి పైకి తీశాడు. “పొయ్యిలోకి పనికొస్తాది, తీసుకోమ్మా.”

మహేశ్వరి దాన్ని రెండు చేతులా అందుకుని కొంగులో చుట్టుకుంది. చెక్కలు పెకలించడానికి బ్రహ్మం తెచ్చుకున్న గడ్డపార తీసుకుంది.

“ఏందది? యాడికి?” అన్నాడు ధనుంజయ.

“పెరట్లోకి. పూడ్చాల.”

“చెక్కను పూడుస్తావా? పిచ్చి గాని పట్టిందా?”

“చెక్క కాదు, మీ కూతురు. పిడికెడు మన్నెయ్యాలనుంటే రాండి,” అని ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.