ఉదయ్ కొలిచిన ఇల్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏలూరు నుంచి మిషిగన్ దాకా నాతోనే ప్రయాణం చేసి వచ్చింది. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తరవాత చెప్పబోయేదానికి నన్ను మరీ అంత తిట్టుకోరని ఆశ.

1979 ఆగస్టు ఆఖరున ఉదయ్ మా ఇంటికొచ్చాడు. మా ఆయన జగదీష్‌కి చిన్ననాటి స్నేహితుడి తమ్ముడు. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివి, పైచదువుకి డెట్రాయిట్‌లో సీటు తెచ్చుకున్నాడు. యూనివర్సిటీ దగ్గర గది దొరికేదాకా, ఓ రెండు వారాలు, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంట్లో ఉంటాడన్నారు. సరే అన్నాను. ఇరవై రెండేళ్ళ పిల్లాడు, ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో గీతలు గీసుకునే పొడుగాటి చెక్క టీ-స్క్వేరు. విమానంలో దాన్ని పెట్టడానికి చోటులేక లండన్ దాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడట. బేస్‌మెంట్‌లో సోఫా చూపించాను. "చాలా బాగుంది వదినా" అన్నాడు. ఆ సోఫా బాగుంటుందని ఎవరూ అనరు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నోట్లో నాలుక లేని మనిషి. పెట్టింది తినేవాడు, కంచం కడిగేవాడు. పొద్దున్నే మా ఆయన కార్‌లో వెళ్ళి, సాయంత్రం ఎవరో క్లాస్‌మేట్ దింపితే వచ్చేవాడు. రెండు వారాలు నాలుగయ్యాయి. గది దొరకలేదు. నేను పైకి ఏమీ అనలేదు గానీ గిన్నెలు కాస్త గట్టిగా పెట్టడం మొదలుపెట్టాను.

అక్కడ చదువు కూడా అతనికి సవ్యంగా సాగడంలేదు. మొదటి ప్రాజెక్టు ఏమిటంటే, నువ్వుంటున్న ఇంటిని అంగుళం వదలకుండా కొలిచి బొమ్మ గీసుకురా అని. హైదరాబాదులో డ్రాయింగ్‌కి మొదటి మార్కులు తెచ్చుకున్నవాడు కదా, మూడు రోజుల్లో అందంగా గీసి పట్టికెళ్ళాడు. ప్రొఫెసర్ ఆ కాగితాన్ని వెలుగుకి పెట్టి చూసి, ఈ గోడ మందం ఎంతో నీకెలా తెలిసిందని అడిగాడట. అన్ని గోడలూ అంతే ఉంటాయి కదా సార్ అన్నాడట మనవాడు. "కొలవనిది గీయకు" అని కాగితం తిరిగిచ్చేశాడు ఆయన. అక్టోబరు మధ్యకల్లా సరిగ్గా ఇవ్వకపోతే ఆ కోర్సు పోతుంది. కోర్సు పోతే సీటు సంగతి కూడా ఆలోచించాలన్నారట.

ఇక చూడండి, మా ఇల్లంతా స్టీలు టేపే. మెట్లు కొలిచాడు, కిటికీలు కొలిచాడు, కిచెన్‌లో నేను పప్పు తాలింపు వేస్తుంటే నా మోచేతి కింద నుంచి కౌంటర్ ఎత్తు కొలిచాడు. "ఈ బీరువా లోతెంతో చూసుకోనా వదినా" అంటే, నా చీరల బీరువా తలుపు తీసి నిలబడ్డాను, ఏం చేస్తాను. ఇక్కడ అంతా అడుగులూ అంగుళాలే, మీటర్లు మరిచిపోవాలి అని గొణుక్కుంటూ నోట్‌బుక్‌లో రాసుకునేవాడు.

ఒకరోజు మా రేణుని గోడకి నిలబెట్టి కొలిచాడు. దానికి ఐదేళ్ళు. బొమ్మలో ఒక మనిషి ఉంటే గది ఎంతుందో చూసేవాళ్ళకి తెలుస్తుందట. అది "ఐ యామ్ ఇన్ ద హౌస్, అమ్మా, డ్రాయింగ్‌లో" అని గెంతులు. ఎదిగే పిల్లని కొలవకూడదని మా అమ్మమ్మ అనేది. ఇంజనీరు భార్యని, అమెరికాలో ఉన్నాను, ఈ మాట పైకంటే నవ్వుతారని నోరు మూసుకున్నాను.

ఆ వారమే చలి మొదలైంది. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ ఆన్ చేశాం. అది బేస్‌మెంట్‌లో ఓ మూల ఉంటుంది. దాని చుట్టూ మా ఆయనే స్వహస్తాలతో చెక్క గోడ కట్టి చిన్న గది చేశారు. ఆ గోడకి ఇవతల నా దేవుడి అర. ఫర్నేస్ ఆన్ అయిన దగ్గర్నుంచీ నాకో చిక్కొచ్చింది. గోడకి కింద ఇనప జాలీ ఒకటుంది. దాంట్లోకి గాలి జివ్వున లాగేస్తుంటే, పెట్టిన దీపం పెట్టినట్టే కొండెక్కేది. పొద్దున్నే దీపం కొండెక్కితే ఆ రోజంతా నాకు మనసు మనసులో ఉండదు. పాత నేత చీర నాలుగు మడతలు పెట్టి ఆ జాలీలో కుక్కేసి, దానిమీద వెంకటేశ్వరస్వామి పటం ఆనించాను. దీపం నిశ్చలంగా వెలిగింది. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

మూడో రోజు రేణు తలనొప్పి అంది. "అమ్మా, హెడ్ నొప్పి ఉంది, టమ్మీ కూడా" అని పొద్దున లేస్తూనే వాంతి. డాక్టర్ చూసి, ఫ్లూ అన్నాడు. వారానికీ తగ్గలేదు. మళ్ళీ వెళితే, స్కూలు కొత్త కదా, వెళ్ళడం ఇష్టంలేక ఇలా చేస్తుందేమో అన్నాడు. చిత్రమేమిటంటే స్కూల్లో బాగానే ఉండేది. ఇంటికొచ్చి బేస్‌మెంట్‌లో టీవీ ముందు కూర్చుంటే చాలు, వాడిపోయేది. ఆదివారం స్నేహితులింటికి వెళితే అక్కడ రెండు గారెలు తిని ఆడుకుంది. ఇంటికి రాగానే మళ్ళీ మొదలు. నాకూ తలపోటే, కానీ నాది కోపం వల్ల వచ్చిందనుకున్నాను.

ఇంకేముంది, లెక్క తేలిపోయింది నాకు. పిల్లని కొలిచాడు, పిల్ల పడకేసింది. అతను ఉన్న ఇంట్లో బాగుండదు, లేని చోట బాగుంటుంది. ఎండుమిరపకాయలతో దిష్టి తీసి స్టవ్ మీద వేశాను. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే ఎంత దిష్టో మీకు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి నుంచి మా ఆయన చెవినిల్లు కట్టుకుని పోరాను.

"అతను అడుగుపెట్టిన వేళ మంచిది కాదండీ. పంపించేయండి."

"వసూ, చదువుకున్నదానివి. వాడికీ పిల్లకీ ఏంటి సంబంధం? వాడి ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేదాకా ఆగుదాం."

"పిల్ల కళ్ళు చూశారా? లోపలికి పోయాయి. నా పిల్లకంటే ప్రాజెక్టు ఎక్కువా మీకు?"

మూడు రోజుల పోరుకి ఆయన లొంగారు. సౌత్‌ఫీల్డ్‌లో తెలిసిన బ్రహ్మచారుల గదిలో ఓ పరుపు వేయించే ఏర్పాటు చేశారు. శనివారం మధ్యాహ్నం ప్రయాణం. ఉదయ్‌కి ఎందుకు పంపుతున్నామో ఎవరూ చెప్పలేదు, అతను అడగనూ లేదు. సూట్‌కేసు కార్‌లో పెట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి పాలిపోయి ఉన్నాడు.

"వదినా, ఒక్క అరగంట. ఆ ఫర్నేస్ గది గోడ ఒక్కటి చూసుకుని వెళ్ళిపోతాను. నిన్న ప్రొఫెసర్ డ్రాయింగ్ చూశాడు. అంతా ఓకే అన్నాడు గానీ అక్కడ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. ఇంత చిన్న గదిలో మంటకి గాలి ఎక్కణ్ణించి వస్తోంది, వెళ్ళి చూడమన్నాడు. నేను అక్కడ పటం ఉందని, వెనక ఏముందో చూడకుండా ఉత్త గోడ గీసేశాను."

పీడా పోతుంది కదా, ఓ అరగంటేగా అనుకున్నాను. కిందికి దిగాం. రేణు సోఫా మీద పడుకుని ఉంది. అతను పటం మీద చెయ్యి వేయబోతే, "ఆగు, దేవుణ్ణి నేను తీస్తాను" అని కసిరాను. పటం తీసి పక్కన పెట్టాను.

"ఈ బట్ట ఏంటి వదినా?"

"దీపం కొండెక్కుతోందని నేనే పెట్టాను. ఏం, అది కూడా కొలవాలా?"

అతను మోకాళ్ళ మీద కూర్చుని ఆ చీర లాగాడు. అవతలివైపు మడత మసిబారి ఉంది. చీర రావడమే ఆలస్యం, ఎన్నాళ్ళనించో ఊపిరి బిగబట్టినట్టు గాలి జాలీలోంచి లోపలికి లాగింది. ఒక్క క్షణం ఆ చీర వంక, సోఫా మీద రేణు వంక, నా వంక చూశాడు. తరవాత లేచి, ఇంట్లో ఎప్పుడూ వినని గొంతుతో, "పిల్లని ఎత్తుకోండి వదినా. బయటికి రండి. కోటు తరవాత" అన్నాడు. నేను ఎందుకని అడగకుండా పిల్లని ఎత్తుకుని మెట్లెక్కాను. ఆ గొంతు విన్నవాళ్ళెవరూ అడగరు.

మా ఆయన పక్కింటి నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేశారు. ఇరవై నిమిషాల్లో మనిషొచ్చాడు. ఏదో మీటరు పట్టుకుని లోపలికెళ్ళి, ఫర్నేస్ ఆపేసి, కిటికీలన్నీ తెరిచి వచ్చాడు. మంటకి కావలసిన గాలి అందక విషవాయువు ఇల్లంతా ఎక్కిందట. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఈ వారం చలి ముదురుతుందన్నారు, ఫర్నేస్ రాత్రంతా ఆడి ఉంటే, అని మా రేణుని చూసి ఆ మాట అక్కడే ఆపేశాడు. పిల్లని ఇప్పుడే హాస్పిటల్‌లో చూపించండి, భయంలేదు, గాలి తగిలితే తేరుకుంటుంది అన్నాడు.

తేరుకుంటోంది అప్పటికే. లాన్ మీద మా ఆయన కోటులో చుట్టుకుని కూర్చుని, "అమ్మా, ఐ యామ్ హంగ్రీ. పెరుగన్నం ఉందా?" అంది. రెండు వారాల్లో అది నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు. నేను గడ్డిలో చతికిలబడి ఏడ్చాను. సంతోషమే. పిల్ల దక్కింది, అంతకుమించి నాకేమీ తోచలేదు.

"ఆ జాలీలో బట్ట ఎవరు పెట్టారు?" అన్నారు మా ఆయన. మొహం ఎర్రగా ఉంది.

"అన్నయ్యా, అది నేనే, కొలతలు తీసేటప్పుడు..." అని ఉదయ్ మొదలుపెట్టాడు. ఎలాగూ వెళ్ళిపోయేవాణ్ణి కదా, ఈ నింద కూడా పట్టుకుపోదామనుకున్నాడు కాబోలు.

"నువ్వూరుకో" అన్నాను. "నేను పెట్టానండీ. దీపం కోసం నేనే కుక్కాను. పైగా ఇతన్ని అన్నాను."

మా ఆయన వంగి రేణుకి కోటు సర్దారు. తిట్టి ఉంటే బాగుండేది.

గ్యాస్ మనిషి అట్ట మీద కాగితం పెట్టుకుని రాసుకుంటున్నాడు. పాపకి కాక ఇంకెవరికైనా తలనొప్పి ఉందా అని అడిగాడు. నాకుందన్నాను. ఉదయ్ క్లాసులో అడిగినట్టుగా సగం చెయ్యి ఎత్తాడు.

"నీకూనా? ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"రెండు వారాలైంది వదినా. పొద్దున లేస్తే తల తిరుగుతుంది. లైన్లు వంకర పోతున్నాయి. ఇల్లు గుర్తొచ్చి అనుకున్నాను. ఇక్కడ చదవడానికి నేను సరిపోనేమో అనుకున్నాను."

రాత్రుళ్ళు ఆ జాలీకి పది అడుగుల దూరంలో పడుకున్నవాడు అతను. నా పిల్ల వాంతి చేసుకుంటే ఊరంతా తెలిసింది. ఇతను ఆ బాధ తన చేతకానితనం అనుకుని, మాకు చెప్పకుండా, కంచం కడిగి పెట్టి కాలేజీకి వెళ్ళాడు. వాళ్ళమ్మ ఎవరో నేను చూడలేదు. ఆవిడకి ఏం ఉత్తరం రాసేవాళ్ళమో.

ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాడు గ్యాస్ మనిషి, కాగితం మీద నుంచి తల ఎత్తకుండా.

"త్రీ" అన్నారు మా ఆయన, కార్ వైపు చూస్తూ.

"ఫోర్" అన్నాను నేను. "నలుగురం. సరిగ్గా రాయమనండి."

అతను కొట్టేసి నాలుగు వేశాడు. నేను పిల్లని ఎత్తుకుని, హాస్పిటల్‌కి ఉదయ్‌ని కూడా కార్ ఎక్కమన్నాను. సూట్‌కేసు అడ్డంగా ఉంటే ఒళ్ళో పెట్టుకున్నాను.