తడి తరుగు

టీ వేళ అయింది. బస్తాలన్నీ దించేశాక ఖాళీగా ఉన్న తూకపు ఇనుప పలక మీదికి కాటా అక్క చెప్పులు విడిచి ఎక్కింది. గోదాములో పనిచేసే ఆడవాళ్లంతా గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగారు. ఎర్రంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి.

"ఎనభై ఒకటి!" బస్తాలు కుట్టే పిన్ని కేకేసింది. "పోయిన సోమవారం ఎనభై ఆరు కదే! ఐదు కిలోలు ఎక్కడ పారేసి వచ్చావే?"

"ఇంకో నెల ఆగు పిన్నీ, గాలికి ఎగిరిపోకుండా నన్ను ఆ బస్తాలకి కట్టెయ్యాలి మీరు."

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులో తప్పేముందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ చుట్టుపక్కల కాటా అక్క మాటంటే మాటే. పదిహేనేళ్లుగా మొక్కజొన్న తూస్తోంది. ఏనాడూ రైతు పక్కకీ మొగ్గలేదు, షావుకారు పక్కకీ మొగ్గలేదు. అలాంటి మనిషి తన ఒంటినే కాటా మీద పెట్టి చూపిస్తే నమ్మనిదెవరు? ఆ వారంలోనే నలుగురు ఆమె సన్నబడడానికి తాగే పొడి డబ్బాలు తెప్పించుకున్నారు. అమ్మింది పరాయివాళ్లు కాదు, కాటా అక్క సొంత చెల్లెలు.

ఆమె పొడి దాకా వెళ్లడానికి కారణం మోకాళ్ల నొప్పులు. రోజంతా నిలబడి చేసే పనాయె. నిలబడలేని మనిషికి కాటా దగ్గర చోటుండదు. డాక్టరమ్మ చూసి, "ఎనిమిది కిలోలు తగ్గినా మీ మోకాళ్లకి పెద్ద ఊరటమ్మా. నెలకి రెండు కిలోలు దాటకుండా పోదాం. తిండి మానకండి, కాస్త తగ్గించుకుని రోజూ నడవండి" అంది. కాటా అక్క చెప్పినట్టే చేసింది. నెల తిరిగేసరికి కిలోన్నర తగ్గింది. నిజానికి సంతోషించాల్సిన సంగతి. ఆమె మాత్రం ఉసూరుమంది.

"ఇంత నోరు కట్టుకుంటే కిలోన్నరా? ఈ లెక్కన నేను సన్నబడేలోపు నా పళ్లూడిపోతాయి" అని చెల్లెలి దగ్గర వాపోయింది.

చెల్లెలు సంచిలోంచి డబ్బా తీసింది. "డాక్టర్లు ఏళ్ల తరబడి తిప్పుకుంటారక్కా. ఇది పొద్దునో చెంచా, సాయంత్రమో చెంచా. నెలకి పది కిలోలు. నీ మీద ఒట్టు!"

తోడబుట్టింది ఒట్టేసి చెబితే ఎవరు మాత్రం కాదంటారు?

మూడో వారం, లారీ సరుకు తూస్తుండగా కాటా అక్క పిక్కలు రాళ్లలా బిగుసుకున్నాయి. గుండె దడదడలాడింది. ఎర్రంకెలు అలుక్కుపోయాయి. ఆ పలక మీదే కూలబడిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ డబ్బా తిప్పి తిప్పి చూసింది. "ఇందులో ఏం కలిపారో ఎక్కడా రాయలేదు. మీ రక్తపరీక్ష మాత్రం చెబుతోంది. ఒంట్లో నీళ్లన్నీ లాగేసింది, వాటితో పాటు లవణాలూ పోయాయి. ఇంకా ఆలస్యమైతే గుండె మీదికొచ్చేది."

"మరి తగ్గిన కిలోలు డాక్టరమ్మా?"

"చాలావరకు నీళ్లేనమ్మా. కొవ్వు అంత తొందరగా కరగదు."

ఇక ఆమెకి విడమరచి చెప్పక్కర్లేదు. తడి గింజలు తెచ్చిన రైతుకి ఆమె రోజూ చెప్పే సంగతే అది. ఆరబెడితే బస్తా బరువు తగ్గుతుంది, గింజ ఒక్కటీ తగ్గదు. గోదాములో దాన్ని తడి తరుగు అంటారు. ఇన్నాళ్లూ తన ఒంటి తడి తరుగు చూపించి చప్పట్లు కొట్టించుకుందన్నమాట.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. మంచం మీద కూర్చుని అక్క పాదాలు నిమిరింది.

"భయపడకక్కా. రెండు సెలైన్లు ఎక్కితే తేరుకుంటావు. నాకూ అంతేగా, నాలుగో రోజుకి లేచి తిరిగాను."

కాటా అక్క తల తిప్పి చూసింది. "నీకా? ఎప్పుడే?"

నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"వేసవిలో ఆస్పత్రిలో పడ్డావు, అప్పుడా? వడదెబ్బ అన్నావు కదే!"

"అదీ... నేను మోతాదు కాస్త ఎక్కువేసుకున్నానక్కా..."

"ఆ తర్వాత మళ్లీ తాగావా?"

చెల్లెలు లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నాలుగు రోజులు పని మానుకుని నీ తలాపున కూర్చున్నాను. చెంచాతో నీళ్లు పోశాను. నువ్వు ముట్టడానికి భయపడే డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టావా?"

"అందరూ నీ మాట నమ్ముతారక్కా. నువ్వు కాటా ఎక్కి చూపిస్తే పదిమంది కొంటారనుకున్నా." చెల్లెలు ఏడుపు మొదలెట్టింది. "నీకేమీ కాదనుకున్నా. నీది గట్టి ఒళ్లు కదా!"

కాటా అక్క కాళ్లు దగ్గరికి లాక్కుంది. "ఇంక లేచి వెళ్లు" అంది. చెల్లెలు వెళ్లిపోయాక కూడా చాలాసేపు అలాగే ముడుచుకుని పడుకుంది.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు టీ వేళ ఆడవాళ్లందరినీ పిలిచి, చెల్లెలి సంగతి కూడా దాచకుండా జరిగిందంతా చెప్పింది. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన పిల్ల పరువు నలుగురిలో తీయడం తేలిక కాదు.

పిన్ని ఒప్పుకోలేదు. "నీ ఒంటికి పడలేదేమో! నాకు పది రోజుల్లో మూడు కిలోలు పోయాయి. నువ్వే కదే తూచింది!"

"నేనే తూచాను పిన్నీ. అదే నా తప్పు. పిక్కలు లాగుతున్నాయా నీకు?"

పిన్ని సూదికి దారం ఎక్కించింది. "పడుకుంటే కాస్త లాగుతున్నాయి" అంది చివరికి.

"పొడి ఆపెయ్. ఇవాళే నాతో డాక్టరమ్మ దగ్గరికి రా."

"వస్తాగానీ, ఆవిడ చెప్పే పద్ధతిలో సన్నబడాలంటే ఎన్నాళ్లు పడుతుందే?"

"నెలకి కిలోన్నర, మహా అయితే రెండు. ఒక్కో నెల ఏమీ తగ్గకపోవచ్చు కూడా. ఏడాది అనుకో."

"ఏడాదా!"

"ఈ ఒళ్లు మనకి వారంలో వచ్చిందా పిన్నీ?" కాటా అక్క చుట్టూ ఉన్న అందరి మొహాల్లోకీ చూసింది. "ఏళ్ల తరబడి చేరిన బరువు నెలలో పోతుందని ఎవరు చెప్పినా, మీరు కని పెంచినవాళ్లే వచ్చి చెప్పినా నమ్మకండి. కడుపుకి తింటూ, నడుస్తూ, నెమ్మదిగా తగ్గించుకున్నదే ఒంటికి నిలుస్తుంది. తొందరపడితే పోయేది బరువు కాదు, ప్రాణం."