నాన్న అన్న మాటలు

"మీ నాన్న నీ గురించి అడిగాడురా" అని చెప్పడానికి వసీలా ఎప్పుడూ గిన్నెలు తోముకునే వేళనే ఎంచుకునేది. కుళాయి చప్పుడులో గొంతు తడబడినా తెలియదు. "ఏమని?" అనేవాడు ఇహాబ్, రొట్టె ముక్కని హరీసా కారంలో అద్దుకుంటూ, పట్టనట్టుగా. "ప్రాక్టీసుకి సరిగ్గా వెళ్తున్నాడా అని. మోకాలి నొప్పి తగ్గిందా అని." వాడు నమలడం ఆపేవాడు. ఆ కాసేపు ఆగడం కోసమే ఆమె పగలంతా ఫ్యాక్టరీలో మిషను మీద వంగి జేబులు కుడుతూ, సాయంత్రానికి కావలసిన మాటని తయారుచేసుకునేది.

నిజానికి ఆమె మొగుడు లసాద్ ఏమీ అడగలేదు. ఆమె పనినుంచి వచ్చే వేళకి అతను బిజెర్తా ఊళ్ళో పాత రేవు పక్కనున్న కెఫేకి బయల్దేరేవాడు. ఆడవాళ్ళు తల దించుకుని దాటిపోయే కెఫే అది. అక్కడ పేకముక్కలు, హుక్కా, ప్రపంచంలోని ఫుట్‌బాల్ జట్లన్నిటి యోగక్షేమాలు. ఇంటికొచ్చి తిని పడుకునేవాడు. కొడుకు మోకాలికి దెబ్బ తగిలిన సంగతే అతనికి తెలియదు.

అసలిదంతా చలికాలంలో మొదలైంది. పదహారేళ్ళ ఇహాబ్ ఓ శనివారం ఫుట్‌బాల్ మ్యాచి అయ్యాక స్నేహితులతో పడవల షెడ్ల వెనక బీరు తాగాడు. మాటామాటా పెరిగింది. తోటి కుర్రాడి నెత్తిన సీసా పగలగొట్టాడు. పిల్లల కోర్టు జడ్జిగారు ఒక్క అవకాశం ఇచ్చారు. ఆసుపత్రిలో దుర్రా అనే కౌన్సెలరు దగ్గరికి వారం వారం వెళ్ళాలి. వేసవిలోగా మళ్ళీ తాగి ఎవరి మీదైనా చెయ్యెత్తితే, పిల్లల జైలే.

దుర్రా చిన్నపిల్ల, చదువుకున్న పిల్ల. నీతులు చెప్పదు. "ఒక్కొక్కడికీ వాడి కొలతకి సరిపోయే దారి వెతకాలమ్మా" అన్నప్పుడు వసీలాకి ప్రాణం లేచొచ్చింది. ఫ్యాక్టరీలో ఒకే కొలతకి వందల పాంట్లు కుట్టే మనిషికి ఆ మాట విలువ తెలుసు. ఎప్పుడు తాగాలనిపిస్తుంది, ఎవరు పక్కనుంటే కోపం నసాళానికి అంటుతుంది, అన్నీ దుర్రా ఇహాబ్‌ని అడిగింది. చివరికి, "ఆ శనివారం అక్కణ్ణుంచి నిన్ను ఎవరు లేపి తీసుకురాగలిగేవాళ్ళు?" అంది. ఇహాబ్ గోళ్ళు గిల్లుకున్నాడు. "నాన్న వచ్చి, పదరా ఇంటికి అంటే..." అన్నాడు. తల్లి పక్కనే కూర్చుని ఉంది. వాడికి ఆమె గుర్తే రాలేదు.

సరే, రోగానికి మందు దొరికింది కదా అనుకుంది వసీలా. ఆ రాత్రి అన్నాలప్పుడు లసాద్‌కి చెప్పింది. శనివారం ఒక్క గంట వాడితో గడపమంది ఆ అమ్మాయి, నువ్వు కూడా ఓసారి రావాలట అని. అతను నవ్వాడు. "నేను చుక్క ముట్టను. శుక్రవారం నమాజు తప్పను. నాకెందుకే కౌన్సెలింగు? నిన్న గాక మొన్న పుట్టిన పిల్ల నాకు తండ్రిగా ఎలా ఉండాలో నేర్పుతుందా? పిల్లల్ని చూసుకోవడం నీ పని. చేతకాకపోతే చెప్పు." అత్తగారు మూలనుంచి అందుకుంది. "నువ్వు ఆ ఫ్యాక్టరీ మానేసి ఇంటిపట్టున ఉంటే వాడు సీసా పట్టేవాడా, తల్లీ?" వసీలా జీతంతోనే ఆవిడ మందులు వస్తాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఎత్తలేదు.

అప్పుడే మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు, వంటింట్లో రెండోది, ఇప్పుడు మొగుడికి బదులు తండ్రిగా మూడోది. నాన్న అడిగాడు. నాన్నకి నీ ఆట చూడాలని ఉంది గానీ సిగ్గుట. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే రాత్రంతా ఎత్తుకు తిరిగాడు తెలుసా. (తిరిగింది ఆమె.) దుర్రా "ఆయన వస్తున్నారా?" అంటే, "ఇంట్లో మాట్లాడుతున్నారమ్మా" అనేది. ఓవర్‌టైం చేసి ఫుట్‌బాల్ బూట్లు కొని, "నాన్న తెచ్చాడు, తను ఇచ్చానని చెప్పొద్దన్నాడు" అంది. సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, తను అల్లిన ఆ లసాద్ ఆమెకే నచ్చసాగాడు. మాటలు తక్కువ, ప్రేమ ఎక్కువ, మోకాలి నొప్పి గుర్తుపెట్టుకునే మనిషి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్కసారి ఎదురుపడి ఉంటే ఎంత బావుండేది! మిషను మీద కూర్చుని అతని మాటలు అల్లుతూ ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేది. పక్క మిషనావిడ దూది నలుసు పడిందేమో అనుకునేది.

అది పనిచేసింది, అదీ ఘోరం. ఇహాబ్ షెడ్ల వైపు వెళ్ళడం మానేశాడు. స్నేహితులు పిలిస్తే, "మా నాన్న చూస్తాడురా" అన్నాడట. దుర్రా సంతోషపడిపోయి, "చూశారా, తండ్రి తలుచుకుంటే!" అంది. వసీలా తల ఊపింది. ఇంకేం చేస్తుంది?

నాలుగు రోజుల కిందటి శనివారం ఇహాబ్ రెండు గోల్సు కొట్టాడు. ఆ ఉత్సాహంలో ఇంటికి రాకుండా సరాసరి కెఫేకే వెళ్ళాడు. బురద బూట్లు చేత్తో పట్టుకుని, పేకాడుతున్న తండ్రి ముందు నిలబడి, "నాన్నా, నువ్విచ్చిన బూట్లతోనే కొట్టా" అన్నాడు. లసాద్ ముక్కలమీంచి తలెత్తాడు. "ఏ బూట్లు? నేనెప్పుడు కొన్నాన్రా? మీ అమ్మేమన్నా కథలు చెప్పిందా?" బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారట. "పోరా, మధ్యలో అడ్డు నిలబడకు" అన్నాడట.

చీకటి పడ్డాక వాడు ఇంటికొచ్చాడు. వాసన వాడికంటే ముందొచ్చింది. "ఒక్కటన్నా అన్నాడా?" అని అరిచాడు. "చెప్పు! వాడు నా గురించి ఒక్క మాటన్నా అన్నాడా?" చేతిలో సీసా ఉంది. అది లాక్కోబోయింది వసీలా. వాడు ఆమె చెయ్యి పట్టి మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. వాడు గోడకి జారగిలబడి ఏడ్చాడు. అంత నొప్పిలోనూ ఆమె ముందు వాడి తలే నిమిరింది. అలవాటు, పాడు అలవాటు.

మణికట్టు అరటికాయలా వాచినా లసాద్ ఆసుపత్రి వద్దన్నాడు. ఎదురింటి నర్సమ్మ తిడితే ఇవాళ బయల్దేరదీశాడు. ఇహాబ్ మాట వినపడనంత దూరంలో వెనకాల నడిచాడు. దారంతా ఒకటే సాధింపు. "నీ అబద్ధాల వల్లే కదా పిల్లాడు ఇలా అయ్యాడు! కెఫేలో నా పరువు తీశావు. లోపల అడిగితే మెట్లమీద జారానని చెప్పు. వాడు జైలుకెళ్తే నలుగురిలో నేను తలెత్తుకోవాలా వద్దా? ఇన్ని ఆడినదానివి, ఇంకొక్కటి ఆడితే ఏం పోతుంది?"

కట్టు వేస్తుండగా దుర్రా పరుగున వచ్చింది. "ఏమైందమ్మా?"

వసీలా నోరు తెరవకముందే ఇహాబ్ అన్నాడు, "మెట్లమీద జారింది." అని, తల్లి వైపు చూశాడు. బతిమాలే చూపయితే ఆమె కరిగిపోయేదే. భయమైనా చాలు, కరిగిపోయేది. అది బతిమాలడం కాదు, భయమూ కాదు. ఎలాగూ అవునంటుందిలే అన్న ధీమా. పక్కనే గోడకానుకుని నిలబడ్డ లసాద్ మొహంలోనూ అచ్చం అదే. ఇన్ని నెలలూ వాడికి తండ్రిని ఆమే తెచ్చి ఇచ్చింది. ఈ ధీమా మాత్రం వాడు సొంతంగా తెచ్చుకున్నాడు. రేపు వాడికో పెళ్ళాం వస్తుంది. ఆ పిల్ల కూడా మెట్లమీద జారుతుంది.

"వీడే విరిచాడమ్మా," అంది వసీలా. "తాగొచ్చి విరిచాడు."

"నీకు మతిపోయిందా?" అన్నాడు లసాద్. దుర్రా కూర్చుండిపోయింది. ఆమె ఇప్పుడు జడ్జిగారికి చెప్పక తప్పదని అందరికీ తెలుసు. ఇహాబ్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అమ్మా" అన్నాడు, చిన్నప్పటి గొంతుతో. వసీలా వాడి తల నిమరబోయి ఆగింది. కొడుకు కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"జారానని చెప్పమన్నది మీ నాన్నేరా. ఇన్నాళ్ళలో ఆయన నిజంగా అన్న మాట నీకు చెప్పడం ఇదే మొదలు."