ఫ్యూజు చోట బల్బు

కూర్మయ్య పంటితో వైరు తొక్క లాగి ఉమ్మేశాడు. ముప్పయ్యేళ్లుగా ఇదే పని చేసి చేసి పైపంటికి వైరు మందాన గాడి పడింది. హల్దియాపదర్ రోడ్డు పక్కన, బండ్ల కరెంటు పని చేసే ఆయన రేకుల షెడ్డులో మేకుకి కటింగ్ ప్లయరు ఒకటి వేలాడుతూనే ఉంటుంది. దాన్ని అలంకారానికి కొన్నట్టుంది. మనిషి బక్కపలచన. ఎడమ చెవి వినపడదు. కుర్రతనంలో పని నేర్పిన మిస్త్రీ, ఎవరో కాల్చిన హారను కోసం ఈయన చెంప వాయించాడు. అప్పటినుంచి ఎవరు మాట్లాడినా కుడిచెవి అటు తిప్పుతాడు.

పదింటికి ఓ తెల్ల జీపు వచ్చి ఆగింది. దాని వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. కంకర వ్యాపారి ఢిల్లీశ్వరరావు దిగి, డ్రైవరు సూరయ్యను మెడ పట్టుకుని కిందికి లాగాడు. సూరయ్య పెదవి చిట్లింది. చొక్కా మీద రక్తం ఎండి అట్టకట్టింది.

"సూడు మిస్త్రీ! ఈ ఎదవ బండి కడుగుతూ మీటరు లోనకి నీళ్లు కొట్టినాడు. లైట్లు ఏస్తే సాలు, ఫ్యూజు ఎగిరిపోతోంది. మీటరు లైట్లు పోతన్నాయి, ఎనక లైట్లూ పోతన్నాయి. నిన్న సీకటి పడ్డాక అస్కా రోడ్డులో లారీవోడు ఎనకనించి గుద్దీసినాడు."

"నాను నీళ్లు కొట్టనేదు బాబూ," అన్నాడు సూరయ్య. ఆ మాట పూర్తి కాకుండానే డొక్కలో కాలు పడింది. సూరయ్య బంపరు పట్టుకుని వంగిపోయాడు.

కూర్మయ్య తల లోపలికి పెట్టి చూశాడు. మీటరు అంకెల చుట్టూ కొత్త లైట్లు బిగించి ఉన్నాయి.

"ఈ నీలం లైట్లు ఎవులేసినారు బాబూ?"

"నానే. ఆన్‌లైన్లో తెప్పించి, వీడియో సూసి ఏసినాను. మీ మిస్త్రీలు రెండ్రోజులు నానబెట్టీ పని గంటలో సేసినాను. దాని జోలికి ఎల్లకు. ఫ్యూజు పీకీసి రాగితీగ పెట్టీ, సరిపోద్ది."

"తీగ పెడితే బండే కాలిపోద్ది బాబూ. కాసేపు ఉండు, సూసి సెప్తాను."

"నీళ్లని తేలనీ, ఈడి సెయ్యి ఇరిసీస్తాను," అంటూ ఢిల్లీశ్వరరావు రోడ్డవతల టీకొట్టుకి వెళ్లాడు.

కూర్మయ్యకు ఒక పద్ధతి ఉంది. మొదట, ఆ లైనులో మామూలుగా కరెంటు తాగే వెనక బల్బులన్నీ ఊడదీస్తాడు. తర్వాత ఫ్యూజు తీసేసి, దాని చోట రెండు వైర్లతో ఒక పాత బల్బు తగిలిస్తాడు. కరెంటు దారితప్పి ఇనుముకి తగులుతున్నంతసేపూ ఆ బల్బు భగ్గున వెలుగుతుంది. ఎక్కడ కదిపితే ఆరుతుందో తప్పు అక్కడే. ఇందులో ఎవర్నీ కొట్టాల్సిన పని లేదు.

ఈ చివరి సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది. పన్నెండేళ్ల కిందట ఒక కారులో వైర్లన్నీ కాలిపోతే, తనతో పనిచేసే తమ్ముడు శివరామ్‌ని బ్యాటరీ కేబుల్‌తో కొట్టాడు. వీపు చిట్లినా ఆపలేదు. వాడు మర్నాడే సూరత్ రైలెక్కేశాడు. వారం తర్వాత తేలింది, టేపు చుట్టని అతుకు కూర్మయ్యదే. ఫోన్ చేసి ఆ ముక్క చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నాడో. సిగ్గు అడ్డొచ్చింది. అంతకుమించి కారణమేమీ లేదు.

స్విచ్చి వేయగానే బల్బు కళ్లు జిగేల్మనేట్టు వెలిగింది. సూరయ్య దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కూర్మయ్య ఒక్కో వైరూ కదుపుతూ పోయాడు. బల్బు ఆరలేదు. మీటరు బిగించిన స్క్రూ విప్పేసరికి టక్కున ఆరిపోయింది. మీటరు చుట్టూ నీలం లైట్లు వెలిగాయి.

ఆయన స్క్రూ పట్టుకుని రోడ్డు దాటాడు.

"నీళ్లు కాదు బాబూ. ఈ స్క్రూ కంపెనీది కాదు, నీ లైట్ల పేకెట్టులోది. పొడుగెక్కువ. వైరుని పొడిసీసింది."

టీ తాగుతున్న వాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఢిల్లీశ్వరరావు గ్లాసు విసిరికొట్టి, కూర్మయ్యను చొక్కా పట్టుకుని షెడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు.

"మల్లీ సెప్పు."

కూర్మయ్యకు భయం వేసింది. నీళ్లే అని ఒక్క మాట అంటే చాలు, వదిలేస్తాడు. పక్కనే సూరయ్య డొక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సూరయ్య తప్పు నేదు. తప్పు నీదే బాబూ."

మొదటి దెబ్బ వినపడే చెవి మీద పడింది. రెండో దెబ్బకు పెదవి పగిలింది. తర్వాత గుండెల మీద రెండు చేతులూ వేసి తోశాడు. కూర్మయ్య తల, సామాన్లు బిగబట్టేందుకు వెనక బెంచీకి అమర్చిన ఇనుప వైసుకి కొట్టుకుంది. కింద పడ్డాక కూడా రెండు తన్నులు తన్ని, "సాయంత్రానికి బండి అవ్వాల!" అని అరిచి ఢిల్లీశ్వరరావు వెళ్లిపోయాడు.

కూర్మయ్య లేచి తలకి తుండుగుడ్డ చుట్టుకున్నాడు. ఆసుపత్రికి వెళ్దామని సూరయ్య సైగ చేశాడు.

"ఇది అవనీ," అన్నాడు. చిల్లిపడ్డ వైరుకి టేపు చుట్టి, పొట్టి స్క్రూ వెతికి బిగించాడు. స్విచ్చి వేశాడు. "అలగే ఉంచు. గంటసేపు బల్బు ఎలగకపోతే బాగైనట్టే."

జీపు సీట్లో కూర్చుని సెల్లు తీసి సూరయ్య చేతిలో పెట్టాడు.

"సెవుల్లో ఒకటే హోరు. నాకింక ఇనపడదు. నా తమ్ముడికి నువ్వే సెప్పాల. ఆ టేపు సుట్టని అతుకు నాదేనని, ఆడు ఉత్తినే దెబ్బలు తిన్నాడని సెప్పు."

"సెప్తాను. ముందు టీ తాగు మావా," అన్నాడు సూరయ్య.

టీ తెచ్చేసరికి కూర్మయ్య తల స్టీరింగు మీద వాలి ఉంది. సూరయ్య భుజం తట్టాడు. ఇంకోసారి తట్టాడు. గ్లాసు కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఆడటం లేదు. అక్కడే చతికిలబడ్డాడు.

జనం పోగయ్యారు. "కణ హేలా?" అంటూ, ఏమైందని టీకొట్టాయన తన భాషలో అందర్నీ అడుగుతున్నాడు. కబురు తెలిసి ఢిల్లీశ్వరరావు వచ్చాడు. జనాన్ని చూసి గొంతు తగ్గించాడు.

"కాలు జారి పడినాడు. ఏరా సూరయ్యా, నువ్వున్నావు కదా?"

సూరయ్య లేచాడు. ఎనిమిదేళ్ల డ్రైవరు పనిలో ఆ మనిషిని బాబూ అనకుండా మాట్లాడటం ఇదే మొదటిసారి.

"జారనేదు. నువ్వు తోసినావు. నాను సూసినాను."

ఢిల్లీశ్వరరావు చెయ్యి లేచింది. టీకొట్టాయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

జీపులో స్విచ్చి ఇంకా వేసే ఉంది. మీటరు నీలంగా వెలుగుతోంది. ఫ్యూజు చోట రెండు వైర్లకి వేలాడుతున్న పాత బల్బు వెలగలేదు.