పొగాకు వాసన వేసిన దుప్పి

మా ఆవిడ అన్న ఫిర్మెన్ కాల్చిన సిగరెట్ వల్లనే ఆ బుధవారం వేటలో నా దుప్పి చేజారిపోయింది. అందులో తేల్చవలసింది ఏమీ లేదు.

ఆ శనివారం మా ఆవిడ ఒడెట్ చనిపోయి ఏడాది నిండే విందు. ఆ రోజు ఆమె పుట్టింటివాళ్ళు వస్తారు. వాళ్ళ ముందు నేను చాప పరిచి పెండలం దుంపలు, గుడ్డలు, మాంసం పెట్టాలి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో నా నోటితో చెప్పాలి. వాళ్ళు "తీసుకున్నాం" అంటే నా దుఃఖం తీరినట్టు. అప్పుడే గడ్డం గీసుకోవాలి. మాంసం కొన్నది కాకూడదు. భార్య పుట్టింటి నేల మీద వేటాడి తెచ్చింది కావాలి. పొయా పట్నంలో ఆవు మాంసం కొని పెట్టినా వాళ్ళు కాదనరు. ఏమీ అనకుండా తింటారు. ఆ ఏమీ అనకపోవడం నేను చచ్చేదాకా నా వెంట ఉంటుంది.

వాళ్ళ నేల మీద నేను వేటాడాలంటే వాళ్ళలో ఒకరు నాతో నడవాలి. ఆ వంతు ఫిర్మెన్‌కి పడింది.

దుప్పి గురించి మా నాన్న నేర్పింది ఒక్కటే. దాని కంటిని మోసం చేయవచ్చు, చెవిని మోసం చేయవచ్చు, ముక్కును చేయలేం. వేటకు మూడు రోజుల ముందునుంచి పొగాకు ముట్టకూడదు, ముట్టినవాళ్ళ పక్కన కూర్చోకూడదు. ఫాదర్ గారి బడిలో ఐదేళ్ళు చదివినదంతా మరిచిపోయాను గాని ఇది మరవలేదు. నేను జన్మలో పొగాకు తాగలేదు. ఒడెట్ తాగేది. మా ఇంటికి వచ్చేనాటికే ఆమె నోట్లో పైపు ఉంది. అందుకని నేను వేటకు వెళ్ళే ముందు మూడు రాత్రులు ఆమె వంటపాకలో పడుకునేది. నా వేట బట్టలు గాని, తుపాకీ గాని ముట్టేది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే జరిగింది. వానల్లో కూడా. ఆమె కాదనలేదు.

ఒకసారి మాత్రం, తెల్లవారే వేళ పాక గుమ్మంలో పైపు కాలుస్తూ కూర్చుంటే రెండు దుప్పులు వచ్చి ఎదురుగా ఉన్న చిలగడదుంప తీగ తినిపోయాయని చెప్పింది. నేను నమ్మలేదు. తీగ మాత్రం నిజంగానే లేదు.

కిందటేడు ఊపిరితిత్తులు పాడై ఆమె చనిపోయింది. డాక్టరు పొగాకే అన్నాడు. ఆ పొగాకు నాకు రెండుసార్లు అన్యాయం చేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఫిర్మెన్ ఇంటికి వెళ్ళాను. ఆచారం ప్రకారం పూల గుడ్డ ఒకటి, దాని మీద వెయ్యి ఫ్రాంకుల నోటు, ఆ పైన పొగాకు పొట్లం పెట్టి, తల వంచుకుని, మీ నేల మీద అడుగు పెట్టనివ్వండని అడిగాను. ఆ పొట్లం నేనే కొన్నాను. ఆచారానికి పొగాకు లేకపోతే కుదరదు. వాళ్ళ పెద్దమ్మ ఎర్నెస్తిన్ గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ఆవిడకు ఎనభై దాటాయి. నోట్లో పళ్ళు లేవు, పైపు ఉంది.

"అల్లుడూ, ఏమిటా వాసన? పెళ్ళికూతురు వచ్చిందేమో అనుకున్నాను" అంది.

"సబ్బు అత్తా. రేపు వేట కదా, ఒళ్ళు రుద్దుకున్నాను. బట్టలు కూడా ఉతికాను."

"దేనితో?"

"సబ్బుతోనే. లావెండరుది."

ఆవిడ పైపు తీసి ఫిర్మెన్ వైపు చూసింది. "ఒరేయ్, మన కొండ మీద లావెండరు మొక్కలేమైనా ఉన్నాయా?"

"ఏమో పెద్దమ్మా, ఇన్నేళ్ళూ నేను చూడలేదు. బావ రేపు చూపిస్తాడేమో" అన్నాడు ఫిర్మెన్. నికెల్ గనిలో లారీ నడిపి రిటైరైన మనిషి. నవ్వితే దగ్గు వస్తుంది, దగ్గు వచ్చినా నవ్వుతాడు. గుడ్డ, నోటు పెద్దమ్మ ఒడిలో పెట్టి, పొట్లం తన జేబులో వేసుకున్నాడు.

బుధవారం వెలుగు రాకముందే వాగు వెంట నడక మొదలుపెట్టాం. మా వైపు తెల్లవారుజామున గాలి కొండ మీదనుంచి కిందికి దిగుతుంది. ఎండెక్కాక సముద్రం వైపు నుంచి ఎదురు గాలి లేస్తుంది. ఈ మధ్యలో ఉన్న రెండు గంటలే వేట. గాలి ముఖానికి కొడుతోంది, సరిగ్గానే ఉంది. తెల్ల బెరడు నియావులి చెట్లు పలచబడిన చోట గడ్డి బీడు ఒకటి ఉంది. దాని కింది అంచున ఒక బండ. ఆ బండకు ఆనుకుని కూర్చున్నాం. బీడు పై కొసన మగ దుప్పి బొంగురుగా అరుస్తోంది. ఆడవాటికోసం అరిచే కాలం అది.

ఫిర్మెన్ జేబులోంచి నా పొట్లం తీశాడు. కాగితంలో పొగాకు పరిచి, చుట్టి, నాలుకతో తడిపి, వెలిగించాడు.

నేను చూశాను. అనడానికి లేదు. భార్య పుట్టింటివాళ్ళకు, అందులోనూ ఆమె అన్నకు, నేను ఇచ్చిన వస్తువు గురించి నోరెత్తకూడదు.

అయినా ముఖంలో కనిపించినట్టుంది.

"ఏం బావా, ఇచ్చింది తాగకుండా దాచుకోమంటావా? రేపు నువ్వే అంటావు, నా పొగాకు వీడికి ఆనలేదని."

"నేనేమన్నాను?"

"నీ గడ్డం అంటోంది." పొగ వదిలి వేలితో చూపించాడు. "చూడు, ఎటు పోతోందో. మన వెనక్కి, కిందికి, వాగులోకి. మన కంపు కూడా దానితోపాటే పోతోంది. పొగ లేకపోతే కంపు ఎటు పోతోందో నీకు ఎలా తెలుస్తుంది?"

"గాలి తిరిగితే?"

"తిరిగితే పొగే చెబుతుంది. అప్పుడు మనమూ తిరుగుదాం. ఏటా కొండ తగలబడుతూనే ఉంటుంది బావా, ప్రతి ఇంట్లో పొయ్యి రాజుతూనే ఉంటుంది. దుప్పి పుట్టినప్పటినుంచి పొగలోనే బతుకుతోంది. దానికి భయం మనిషంటే. మనిషి వాసన అందాక పొగాకు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? కూర్చో. అదే దిగివస్తుంది."

నేను కూర్చోలేదు. మా నాన్న మాట ఉంది. పొగాకు ఆర్పమని అనలేను కాబట్టి, నేనే దూరంగా పోవాలి. చేత్తో సైగ చేసి వాగు దాటాను. అవతలి గట్టు వెంట నియావులి చెట్ల చాటున పైకి పాకాను. పొగ అందనంత పైకి వెళ్ళి, బీడు పక్క అంచుకు చేరాను. అక్కడినుంచి దుప్పి నాకు కొంచెం కిందుగా, ఎనభై అడుగుల్లో కనిపించింది. మంచి కొమ్ములు. మెడకు బురద. తుపాకీ భుజానికి ఎత్తాను.

అది తల ఎత్తింది. ముక్కు పైకి పెట్టింది. ఒక్కసారి గట్టిగా మొరిగినట్టు అరిచి, ఎగిరి చెట్లలోకి పోయింది. పోయేముందు ఫిర్మెన్ ఉన్న బండ వైపు చూడలేదు. నేనున్న వైపు చూసింది. కాని దుప్పి చూసే వైపును బట్టి ఏదీ చెప్పలేం.

కిందికి దిగాక అన్నాను. అనకూడదు, అయినా అన్నాను. "అది నీ పొగ వాసన పట్టేసింది."

"నా పొగ ఇదుగో, ఇప్పటికీ వాగులోకే పోతోంది. నువ్వేమో దుప్పికి పైన, గాలి వచ్చే వైపుకు పోయి లావెండరు పంచావు."

"గాలి తిరిగి ఉంటుంది."

"తిరగలేదు."

"మా నాన్న చెప్పాడు..."

"మీ నాన్న చెప్పాడని ముప్పై ఏళ్ళు మా చెల్లిని వంటపాకలో పడుకోబెట్టావు." ఈసారి నవ్వలేదు, దగ్గలేదు. "పైపు కాలుస్తుంటే దుప్పులు ముంగిట్లోకి వచ్చి తిని పోయాయని నాకూ చెప్పింది బావా. పిలిచి చూపిద్దామంటే నిన్ను లేపడానికి గుమ్మం దాటకూడదు కదా, అంది."

తుపాకీ భుజాన వేసుకుని వాడికంటే ముందు ఇంటిదారి పట్టాను.

ఇది చిన్న విషయం కాదు. పొగాకు దుప్పిని తరుముతుంది అంటే నేను చేసింది న్యాయం. తరమదు అంటే అన్ని రాత్రులు ఆమె ఆ మట్టినేల మీద ఎందుకు పడుకున్నట్టు? అందుకని ఆ సిగరెట్ వల్లనే దుప్పి పోయిందని మొదటే రాశాను.

గురువారం ఒక్కడినే వెళ్ళాను. వాళ్ళ నేల మీదికి ఒంటరిగా పోకూడదు కాబట్టి మా వాళ్ళ కొండ మీదికే వెళ్ళాను. అక్కడ కొట్టినా విందుకు పనికొచ్చేది కాదు. అయినా పొగాకు మనిషి పక్కన లేకుండా కొట్టగలనని చూసుకోవాలి. మళ్ళీ ఒళ్ళు రుద్దుకున్నాను, బట్టలు మళ్ళీ ఉతికి తడిగానే వేసుకున్నాను. రెండుచోట్ల ఆడ దుప్పుల గుంపు నాకు కనిపించకముందే అరిచి పరుగెత్తింది. శుక్రవారం పొద్దున కూడా అంతే. మధ్యాహ్నానికి ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను. పొయా పోయి ఆవు మాంసం తేవాలంటే అప్పుడే బయలుదేరాలి.

వంటపాక చూరుకు దుప్పి వేలాడుతోంది.

పెద్ద మగది. పొట్ట తీసి, లోపల కడిగి, వెనక కాళ్ళు కట్టి, ఈగలు వాలకుండా ఫెర్ను ఆకులు కప్పి ఉంది. మెడ మీద ఎండిన బురద. ముంగిట్లో ఎవరూ లేరు. పక్కింటివాళ్ళను అడిగితే ఏమీ చూడలేదన్నారు. వాళ్ళ కుక్క కూడా మొరగలేదన్నారు. అంత బాగా ఏమీ చూడకపోవడం ఎవరో నేర్పితేనే వస్తుంది.

దగ్గరికి వెళ్ళి మెడ వెంట్రుకల్లో ముక్కు పెట్టాను. పొగాకు. భుజాల మీద మోసుకొచ్చాడు, మోసినంత దూరమూ కాలుస్తూ వచ్చాడు. నేను కొన్న పొట్లం వాసన నాకు తెలియదా?

తిరిగి ఇచ్చేయవచ్చు. ఇచ్చేస్తే నా చేత కాలేదని లోయంతా చెప్పినట్టు. ఉంచుకుంటే, తీసుకోవలసినవాడు తెచ్చిన మాంసాన్నే మళ్ళీ వాడి ముందు పెట్టినట్టు. వాడికి ఈ రెండూ తెలుసు. తెలిసే తెచ్చాడు.

కత్తి తీసి చర్మం ఒలిచాను. గుండు రొమ్ము ముందు భాగంలో, సరిగ్గా మధ్యలో దిగింది. పారిపోయే దుప్పికి అక్కడ తగలదు. పక్కకు నిలబడినదానికీ తగలదు. అది ఎదురుగా, తిన్నగా, వాడి వైపు నడిచి వచ్చింది. ఆ బండ దగ్గరికే అయి ఉంటుంది. వాడు అక్కడ కూర్చుని ఏం చేస్తూ ఉంటాడో నాకు తెలుసు.

ఆ గుండు తీసి పొయ్యిలో బూడిద కింద పెట్టాను.

శనివారం వాళ్ళు వచ్చారు. ముప్పై మంది దాకా. నేను చాప పరిచాను. పెండలం దుంపలు వరసగా పేర్చాను. వాటి పైన గుడ్డలు. ఆ పైన దుప్పి తల, మెడ చర్మంతో సహా. మాంసం అప్పటికే కొబ్బరిపాలతో అరిటాకుల్లో చుట్టి వేడి రాళ్ళ మీద పెట్టారు మా ఆడవాళ్ళు. నేను నిలబడి చెప్పాను: పొడుగు పెండలం మా నాన్న తోటది, గుండ్రటిది ఒడెట్ నాటింది, గుడ్డలు మా చెల్లెళ్ళవి.

దుప్పి దగ్గర ఆగాను.

ఎర్నెస్తిన్ అత్త కర్ర ఆనించుకుని లేచింది. పెద్దదిగా ఆవిడే ముందు చేయి వేయాలి. తల మీద చేయి వేసి, వంగి, వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"అల్లుడూ, ఈ దుప్పికి పొగాకు అలవాటుందేమిటి?"

ముందు పిల్లలు నవ్వారు, తరవాత అందరూ. ఫిర్మెన్ ముఖం రాయిలా పెట్టుకుని కూర్చున్నాడు.

"మన లోయలో దుప్పులన్నీ తాగుతాయి పెద్దమ్మా. కొట్టు దూరం కదా, ఎవరిస్తే వాళ్ళ దగ్గరికి నడిచొస్తాయి."

"నీ నోరు ముయ్యరా. అల్లుణ్ణి చెప్పనీ. ఎలా దొరికిందయ్యా ఇది?"

నవ్వులు ఆగాయి. చాప ముందు అబద్ధం చెప్పకూడదు. నిజం చెప్తే ఆ విందు విందు కాదు. ఫిర్మెన్ నన్ను చూడటం లేదు, తన కాళ్ళ మధ్య నేలను చూస్తున్నాడు.

"మీ లోయలోంచి వచ్చింది" అన్నాను.

తరవాత ఫిర్మెన్ లేచి, వచ్చి, పెద్దమ్మ చేయి పక్కన తన చేయి వేశాడు.

"మా లోయలోదే. మంచి దుప్పి. తీసుకున్నాం."

అందరూ ఆ మాట అన్నారు. అయిపోయింది.

తిన్నాక నేను గడ్డం గీసుకుని వచ్చేసరికి ఫిర్మెన్ వంటపాక గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, ఆమె కూర్చునే చోట. పొట్లంలో అడుగున మిగిలిన పొగాకు దులిపి చుట్టుకుంటున్నాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు.

"గడ్డం లేకపోతే మనిషివే బావా నువ్వు." వెలిగించాడు. "ఇప్పుడు చెప్పు, మనిద్దరమే ఉన్నాం. పొగాకు దుప్పిని తరుముతుందా?"

ఎదురుగా చిలగడదుంప తీగ మళ్ళీ పాకింది. పొగ దాని మీదుగా పోయింది.

"బుధవారం తరిమింది" అన్నాను.

"శుక్రవారం?"

నేను లేచాను.

"బావా, నిన్ను తప్పు పట్టడానికి కాదు. చెల్లి కూడా ఎన్నడూ నిన్ను..."

"చాలు" అన్నాను.

వాడు ఆపలేదు. వారం తరవాత దారిలో మళ్ళీ ఎత్తాడు. పెండలం తవ్వేటప్పుడు ఇంకోసారి. తరవాత ఊళ్ళో మిగతావాళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచి మరీ పట్టుకున్నారు: ఎలోయ్, పొగాకు మంచిదా సబ్బు మంచిదా, నువ్వు పెద్దవాడివి, వేటగాడివి, చెప్పు. నవ్వుకోవడానికి అడుగుతారు.

అడిగేవాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు ఇక్కడ రాశాను. తుపాకీ అమ్మేశాను. వంటపాక తలుపు మేకులు కొట్టి మూశాను. ఆ దుప్పి గురించి గాని, పొగాకు గురించి గాని, నా భార్య ఎక్కడ పడుకునేదన్న దాని గురించి గాని ఇకమీదట ఎవరడిగినా నా నోటినుంచి ఒక్క మాట రాదు. ఫిర్మెన్ అడిగినా రాదు.