బదులు మన్ను

వెంకటరావమ్మ పోసిన మిరపనారంటే చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకు గురి. కాడ గట్టిగా, వేరు గుబురుగా ఉండి, నాటిన మూడో రోజుకల్లా తలెత్తి నిలబడేది. ఏం మంత్రం వేస్తావమ్మా అని ఎవరన్నా అడిగితే, ఆవిడ నోరు తెరిచేలోపే అరుగు మీద నుంచి మొగుడు బుల్లయ్య అందుకునేవాడు.

"మంత్రమా పాడా! పొద్దున లేచిన కాడి నుంచి నన్ను తిట్టే తిట్లున్నయ్యే, ఆ సెగకి మొలుస్తయ్యి."

"ఇన్నేళ్ళు తిట్టినా నువ్వే బాగుపడలా, నారేం బాగుపడుద్ది?" అనేది ఆవిడ, చేతిలో పని ఆపకుండానే.

మంత్రమూ కాదు, తిట్లూ కాదు. ఆ గొప్పంతా మద్దివనం మట్టిది. ఊరికి మైలు దూరాన, కనిగిరి పోయే మెట్టదారికి ఎడమ పక్కన, వాగు పొడుగునా మద్దిచెట్లు దట్టంగా ఉండేవి. ఎండాకాలం చుట్టూ చేలన్నీ పెనంలా కాలుతున్నా వనంలో నేల చల్లగా ఉండేది. ఏళ్ళ తరబడి రాలిన ఆకు కుళ్ళి జానెడు మందాన నల్లటి మన్నయింది. వేళ్ళు గుచ్చితే మణికట్టు దాకా దిగేవి. ఆ నీడన సుగంధిపాల తీగలు, పిల్లిపీచర పొదలు, నేలవేము, పేరు తెలియని పచ్చిక ఎంతో ఉండేది. వాన పడ్డ మర్నాడు పుట్టగొడుగులు లేచేవి. తొలకరికి ముందు ఆవిడ ఆ ఆకుమన్ను తట్టలకెత్తి తెచ్చి నారుమడిలో కలిపేది.

అయితే ఊరికే తేకూడదు. నారు పోసేవాళ్ళకు ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. వనంలో తట్టెడు మన్ను ఎత్తితే, తమ పొలం మన్ను తట్టెడు తీసుకుపోయి అక్కడ చెట్టు మొదట్లో పోసి రావాలి. దాన్ని బదులు మన్ను అంటారు. చాలామంది ఏ గట్టు మీది చవుడో నాలుగు పారలు తట్టలో వేసుకుపోయి అయిందనిపించేవాళ్ళు. వెంకటరావమ్మకు అలాంటి దొంగపని చేతకాదు. ఆవిడ తన చేలో అన్నిటికంటే మంచి మన్ను వెతికి మరీ తీసుకుపోయేది. ఇంత మంచి మన్ను ఇచ్చే తల్లికి ఇచ్చేది కూడా మంచిదే ఇవ్వాలని ఆవిడ పట్టుదల. ఆ పట్టుదలే కొంప ముంచింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వనానికి ఎగువన, గట్టు మీద, తక్కిన చెట్లకు కాస్త ఎడంగా ఒక మద్దిచెట్టు ఉంది. దాని కింద ఆవిడ కూతురు కోటేశ్వరమ్మ ఉంది. ఐదేళ్ళ పిల్ల. అరవై నాలుగో సంవత్సరంలో వాంతులు పట్టుకుని ఒక్క పూటలో పోయింది. అంత చిన్నపిల్లల్ని కాల్చరు గనక పూడ్చిపెట్టి, ఆ చోట మద్ది మొక్క నాటారు. మళ్ళీ వాళ్ళకు పిల్లలు లేరు. ఏటా వెంకటరావమ్మ మొదటి తట్ట ఆ చెట్టుకే మోసుకుపోయేది. అక్కడి నుంచి మాత్రం చిటికెడు మన్ను తెచ్చుకునేది కాదు. పోసి, కాసేపు కూర్చుని, ఊళ్ళో సంగతులన్నీ గొణిగి వచ్చేది.

ఎనభై ఒకటిలో బుల్లయ్య పత్తి లారీ వెంట చిలకలూరిపేట పోయాడు. వస్తూ వస్తూ, రోడ్డు పక్కన ఎవడో అమ్ముతుంటే మోజుపడి, వేళ్ళకు మట్టి ముద్దలున్న బత్తాయి అంట్లు ఇరవై అదే లారీలో వేసుకొచ్చాడు. ఏ జిల్లా మట్టో, ఏ ఊరి మొక్కలో అడగలేదు. చేలో ఈశాన్యం మూల చెరువు ఒండ్రు తోలించి, మేకల ఎరువు వేయించి, పసిపిల్లలకు పోసినట్టు నీళ్ళు పోశాడు. రెండేళ్ళు తిరక్కుండా ఇరవై అంట్లూ ఆకు పండి, కొమ్మ ఎండి, మొదలు జిగురు కారి చచ్చాయి.

"బత్తాయి రసం తాగిస్తానంటివే! ఏదీ, గ్లాసు కడిగి పెట్టమంటావా?" అని వెంకటరావమ్మ నెల రోజులు దెప్పింది.

మొక్కలు చస్తే చచ్చాయి గానీ మన్నేం పాపం చేసింది? చెరువు ఒండ్రు, మేకల ఎరువు, మళ్ళీ మళ్ళీ పెట్టిన తడి. చేలో అంత మెత్తటి మన్ను ఇంకెక్కడా లేదు. ఆ ఏడు, ఆ మరుసటి ఏడు, ఆపై ఏడు కూడా వెంకటరావమ్మ బదులు మన్ను ఆ ఈశాన్యం మూల నుంచే తీసుకుపోయింది. మొదటి తట్ట ఎప్పటిలాగే బిడ్డ చెట్టుకు పోసింది.

ఎనభై నాలుగులో వాగు ఒడ్డు చెట్లకు చిటారు కొమ్మలు ఎండాయి. వానలు తక్కువని అందరూ అనుకున్నారు. మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి, చెట్లు ఇంకా తొందరగా ఎండాయి. ఆకు పోయాక ఎండ నేరుగా నేల మీద పడింది. కొత్త ఆకు రాలలేదు, పాత ఆకు గాలికి పోయింది, పై మన్నంతా వాననీళ్ళతో వాగులోకి కొట్టుకుపోయింది. చెయ్యి దిగిన చోట గడ్డపార కూడా ఖంగుమనడం మొదలుపెట్టింది. సుగంధిపాల పోయింది. పిల్లిపీచర పోయింది. వాటి బదులు వయ్యారిభామ తెల్లగా పూసింది, దాని వెనకే సర్కారుతుమ్మ ముళ్ళేసుకుని వచ్చింది. పుట్టగొడుగుల కోసం పోయినవాళ్ళు కాళ్ళకు ముళ్ళు దించుకుని వచ్చారు.

నారు సంగతి చెప్పనక్కర్లేదు. రెండాకుల మీదుండగానే మొదలు నీరుకారి పక్కకు పడిపోయేది. రైతులు మొహమాటానికి ఒక ఏడు తీసుకుపోయి, ఆ తర్వాత వేరేచోట చూసుకున్నారు. వెంకటరావమ్మకు దాని మీద పెద్ద దిగుల్లేదు. ఆవిడ దిగులంతా ఎగువన ఇంకా ఎండకుండా మిగిలిన నలభై చెట్ల మీద, అందులో ఒక చెట్టు మీద. అవి పచ్చగా ఉన్నంతకాలం తనకు వనం ఉన్నట్టే అనుకుంది.

ఎనభై ఏడు జనవరిలో రామచంద్రమూర్తి వచ్చాడు. ఆయన ఒంగోల్లో వృక్షశాస్త్రం చెప్పే పంతులు. కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఏటా మద్దివనానికి మొక్కలు చూపించడానికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా వీళ్ళింట్లో మజ్జిగ తాగి పోవడం అలవాటు. ఈసారి ఒక్కడే వచ్చాడు. కిందటేడు ఎండిన చెట్ల వేళ్ళు కోసి పరీక్షకు పంపించాడట. మజ్జిగ గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"ఇది తెగులమ్మా. మన నేలలో పుట్టింది కాదు, ఎక్కడి నుంచో వచ్చింది. తడి మట్టిలో బతుకుతుంది. వేళ్ళ కొసలు తినేస్తుంది. వేరు పోయాక చెట్టు నీళ్ళెలా తాగుతుంది? అందుకే పైనుంచి ఎండుకుంటూ వస్తోంది."

"చెట్టుకి జబ్బు చేస్తే నేల ఎందుకు చచ్చింది పంతులుగారూ? ఆ మన్ను మా తాతల నాటి నుంచి ఉందే."

"ఆ మన్ను చేసింది చెట్టే కదమ్మా. ఆకు వేసేది అదే, నీడ పట్టేది అదే, నీళ్ళకు కొట్టుకుపోకుండా వేళ్ళతో పట్టుకున్నదీ అదే. చెట్టు పోయింది, వానపాములు పోయాయి, నీడన బతికే మొక్కలు పోయాయి. ఇక ఎండకు ఓర్చుకునే ముళ్ళతుప్పలే వస్తాయి. మళ్ళీ మద్ది మొలిచినా ఆ తెగులు మట్టిలో కాచుక్కూర్చుని ఉంటుంది."

"గాలికి వచ్చిందా?"

"గాలికి రాదు. మట్టితోనే వస్తుంది. బండి చక్రానికో, మనిషి కాలికో అంటుకుని. బయటి నుంచి ఎవరన్నా మొక్కలు తెచ్చారా ఈ మధ్య? బత్తాయి, నిమ్మ లాంటివి?"

అరుగు మీద బుల్లయ్య బీడీ ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు. వెంకటరావమ్మ మాత్రం ఆ మూల మన్ను ఎన్ని తట్టలు మోసిందో, ఏ ఏ చెట్టు మొదట్లో పోసిందో వరసగా గుర్తు తెచ్చుకుంది. గట్టు మీది చెట్టు ఒక్కటి తప్ప, మొట్టమొదట ఎండిన చెట్లు అవే. ఎవరూ నిందించకుండానే తలవంచుకుంది.

"ఎగువ చెట్లు బాగున్నాయా?" అని మూర్తి అడిగాడు. "అక్కడ నేల రాతిది, నీళ్ళు నిలవవు. అందుకని తప్పించుకుని ఉండాలి. కానీ ఒక్క చెట్టుకు సోకినా ఆలోచించకండి. వానలకు ముందే వేళ్ళతో సహా తవ్వి అక్కడే కాల్చెయ్యండి, చుట్టూ కందకం తియ్యండి. అక్కడి మట్టి కందకం దాటకూడదు. లేకపోతే వాననీళ్ళు దాన్ని మిగతావాటికి చేరవేస్తాయి."

"బాగున్నయ్యి. అన్నీ బాగున్నయ్యి" అంది వెంకటరావమ్మ.

అబద్ధం. పది రోజుల కిందటే బిడ్డ చెట్టు చిటారున ఒక రెమ్మ ఎండి ఉండటం ఆవిడ చూసింది. ఆ చెట్టు గట్టు మీద, అన్నిటికంటే ఎత్తున ఉంది. దాని మీద పడ్డ వాన తక్కిన చెట్ల మొదళ్ళ మీదుగానే దిగాలి. అదంతా ఆవిడకు పంతులు చెప్పకముందే తెలుసు. తెలిసే, మూడు నెలలు నోరు మెదపలేదు. బుల్లయ్యను తిట్టడం కూడా మానేసింది. తిట్లు ఆగేసరికి ఆయనకు భయం పట్టుకుంది. పోయి నాటువైద్యం చేసే ఆచారి దగ్గర ఆవిడకు మందు తెస్తానన్నాడు. వద్దంది.

ఉగాది పోయిన వారానికి ఒక పొద్దున ఒక్కతే గట్టు మీదికి పోయింది. చెట్టుకు సగం ఆకు లేదు. ఆవిడ మొదట్లో కూర్చుని వేళ్ళు గుచ్చింది. గోరు విరిగింది గానీ వేలు దిగలేదు. పిల్లను పూడ్చిన ఏడాదే ఆ చోట ఒక సుగంధిపాల తీగ తనంతట తాను మొలిచి, ఇన్నేళ్ళూ అక్కడే అల్లుకుని ఉండేది. లాగితే ఎండు తాడులా చేతిలోకి వచ్చింది. అది ఉండిన చోట వయ్యారిభామ మొలకలు నాలుగు, లేత పచ్చగా, నదురూ బెదురూ లేకుండా నిలబడి ఉన్నాయి. వాటిని చూడగానే ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. కిందికి చూస్తే ముప్పై తొమ్మిది చెట్లు నిండుగా, గాలికి గలగలమంటున్నాయి.

ఇంటికొచ్చి బుల్లయ్య ముందు కూర్చుంది.

"దాని చెట్టుకి పట్టింది. పుష్యంలోనే చూశా. చెప్పలా."

ఆయన గట్టు వైపు తిరిగి చూశాడు.

"తవ్వాలయ్యా. వానలు రాకముందే."

"అక్కడ తవ్వడమంటే..." అన్నాడు బుల్లయ్య. కండువాతో మొహం తుడుచుకుని, "ఆ అంట్లు తెచ్చింది నేను. నిన్నెవరూ ఏమనరు" అన్నాడు.

"అనుకోడానికి ఎవరో ఎందుకు? మోసింది నేను. నీ అంట్లు నీ చేలో చచ్చినయ్యి. వనానికి మోసింది నేనే. దాని నెత్తిన పోసింది కూడా నేనే."

అన్నేళ్ళ కాపరంలో ఆయన ఆవిడ చేయి పట్టుకోవడం ఎవరూ చూసి ఉండరు. ఆ పూట వాకిట్లోనే పట్టుకున్నాడు.

మర్నాడు పాలేరు జక్రయ్య గడ్డపారలు, గొడ్డళ్ళు తీసుకుని వచ్చాడు. వెంకటరావమ్మను ఇంట్లో ఉండమని ఇద్దరూ చెప్పారు. ఆవిడ వినలేదు. మొదటి రోజు చెట్టు కొట్టారు, చుట్టూ కందకం తీశారు. రెండో రోజు మొదలు తవ్వారు. నడుం లోతుకు పోయాక జక్రయ్య గడ్డపార పక్కన పెట్టి, "అయ్యా, ఇక నా వల్ల కాదు" అని గట్టెక్కి అటు తిరిగి నిలబడ్డాడు. బుల్లయ్య దిగాడు. గడ్డపార ముట్టుకోకుండా ఉత్త చేతులతో కొంచెం కొంచెం మట్టి తీశాడు.

ఏమీ లేదు. నల్లగా మెత్తబడిన వేళ్ళు, వాటి కుళ్ళువాసన. అంతే. ఇరవై మూడేళ్ళలో ఆ పిల్ల మొత్తం చెట్టే అయిపోయింది. బుల్లయ్య ఖాళీ చేతులు ఎత్తి పెళ్ళానికి చూపించాడు. ఒక్క ఎముక దొరికినా ఏ ఏటిలోనో కలుపుకుందామని ఆవిడ ఆశ. అదీ లేదని అర్థమయ్యాక కొట్టిన కొమ్మల వైపు, తవ్విన వేళ్ళ వైపు చూసి, "అయితే కాల్చేది దాన్నే" అంది.

కొమ్మలు, వేళ్ళు గోతిలో పేర్చి బుల్లయ్య నిప్పు పెట్టాడు. పచ్చి మద్దికట్టె తొందరగా అంటుకోలేదు. మధ్యాహ్నం దాకా పొగే వచ్చింది. వెంకటరావమ్మ పొగలోనే కూర్చుంది. మంట రాజుకున్నాక లేచి ఒక పక్కకు పోయింది, వంగింది, మళ్ళీ వచ్చి నిలబడింది.

పొద్దు వాలేసరికి అంతా బూడిదయింది. కందకం అంచున జక్రయ్య బకెట్లో బ్లీచింగ్ పౌడరు నీళ్ళు కలిపి పెట్టాడు. గడ్డపారలు, గొడ్డళ్ళు కడిగాడు. కాళ్ళు కడుక్కుని దాటాడు. బుల్లయ్య దాటాడు. వెంకటరావమ్మ కాళ్ళు కడుక్కుంది, గోళ్ళలో మట్టి పుల్లతో తీసింది, కందకం దాటబోయి ఆగిపోయింది.

ఆవిడ కొంగున ముడి ఉంది. బుల్లయ్య చూశాడు. అందులో ఏముందో అడగలేదు. తలతిప్పి కింది చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ ముడి విప్పింది. పిడికెడు మట్టి. ఇంట్లో దేవుడి గూట్లో పెట్టుకుందామని తీసుకున్నది. కాసేపు అరచేతిలో పట్టుకుని, తర్వాత కందకం లోపలికే వదిలేసింది. కొంగు రెండుసార్లు దులిపింది. అది కూడా చాలదని ఆ బకెట్ నీళ్ళలో ముంచి పిండుకుంది.

బిడ్డను అక్కడ వదిలేసి రావడం ఆవిడకు అది రెండోసారి. మొదటిసారి నలుగురు పట్టుకుని లాక్కొచ్చారు. ఈసారి తనే నడిచొచ్చింది.